అవతలి ఒడ్డు: తలుపు మూసుకోవడానికి ఒక గది

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో హాంకాంగ్‌లో గడిపిన పదహారేళ్ల గురించి రాస్తూ, కౌలూన్‌లో నాతోపాటు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసిన ఒక మిత్రుడిని తలచుకున్నాను. అతను గే అనీ, చైనా భాషల్లో అటువంటి పురుషులు తమను ‘కామ్రేడ్’ అని చెప్పుకుంటారనీ రెండు వాక్యాలు రాసి ముందుకు వెళ్లాను. వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఆ రెండు వాక్యాల మీదే. ఈసారి పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. మిత్రుడికి ఫోను చేసి అడిగాను. తన సంగతులు రాయమన్నాడు, పేరు వద్దన్నాడు.

ప్రశ్న: యాభై ఏళ్లుగా నన్ను ‘కామ్రేడ్’ అనే పిలుస్తున్నారు. మా నాన్నగారు ఆ మాట కోసం జైలుకు వెళ్లారు. చైనాలో దాన్ని గే పురుషులు తీసుకున్నారని మీరు రాసింది చదివి నొచ్చుకున్నాను. వెక్కిరింతగా పుట్టిన వాడుకను మీరు గొప్ప చేసి రాశారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా మేనమామ కూడా ఆ మాటతోనే బతికిన మనిషి, అందుకే మీ నొప్పి నాకు కొత్త కాదు. కానీ వాళ్లు ఆ మాటను వెక్కిరించడానికి తీసుకోలేదు. గౌరవం కరువై తీసుకున్నారు.

చైనా అధికార భాష మాండరిన్‌లో ‘తోంగ్‌జి’, హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌లో ‘తుంగ్‌జీ’. మొదటి అక్షరానికి ‘ఒకే’ అని, రెండోదానికి ‘ఆశయం’ అని అర్థం. 1925లో చైనా గణతంత్ర స్థాపకుడు సున్ యత్ సేన్ కన్నుమూస్తూ విడిచిపోయిన మాటల్లో ‘విప్లవం ఇంకా పూర్తి కాలేదు, కామ్రేడ్లు ఇంకా శ్రమించాలి’ అన్న వాక్యం ఎంతోమంది చైనీయులకు కంఠతా వస్తుంది. 1949 తర్వాత చైనాలో అది అందరి పిలుపు అయింది. బస్సు కండక్టరూ తోంగ్‌జి, మంత్రీ తోంగ్‌జి. 1989లో హాంకాంగ్‌లో మొట్టమొదటి గే, లెస్బియన్ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు ఎడ్వర్డ్ లామ్ అనే రంగస్థల కళాకారుడు దాని చైనా పేరులో ఈ మాట పెట్టారు. నేను అక్కడికి వెళ్లి ఏడాది అయింది. ప్రజాస్వామ్యం కోరిన బీజింగ్ విద్యార్థుల కోసం హాంకాంగ్ వీధులన్నీ జనంతో నిండిపోయిన ఏడాది అది. ‘కామ్రేడ్’ అనే మాట ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా ఒళ్లు జలదరించేది.

అప్పటికి ఇంకేమి మాటలు ఉన్నాయో చూడండి. ‘తోంగ్‌షింగ్‌లియెన్’ అని ఒకటి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్ మీదుగా వచ్చిన ఈ మాటకు ఆస్పత్రి వాసన ఉంది. ‘గేయ్‌లో’ అని మరొకటి, అది హాంకాంగ్ వీధుల్లో తిట్టు. చట్టంలో ఉన్నది మూడోది. బ్రిటిష్ పాలకులు తెచ్చిన ఆ చట్టం కింద ఇద్దరు పురుషుల కలయికకు యావజ్జీవం వరకూ శిక్ష వేయవచ్చు. అది రద్దయింది 1991లో. అంటే ఆ చిత్రోత్సవంలో కూర్చుని సినిమా చూసిన మగవాళ్లు చాలామంది చట్టం కళ్లకు నేరస్తులు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1980 జనవరిలో, జాన్ మెక్‌లెనన్ అనే పోలీసు ఇన్‌స్పెక్టరు ఇటువంటి కేసులోనే అరెస్టు కావలసిన రోజున తన ఇంట్లో అయిదు తూటాల గాయాలతో శవమై కనిపించాడు. ఆ పేరు ఎత్తితే మా ల్యాబులో పెద్దవాళ్లు గొంతు తగ్గించేవారు. తిట్టు, రోగం, నేరం తప్ప నాలుగో మాట లేని చోట మనిషి తనను ఏమని చెప్పుకోవాలి? భాషలో అన్నిటికన్నా మర్యాద గల మాటను వెతుక్కున్నారు. వెతికితే దొరికింది మీ నాన్నగారి మాట.

మా మిత్రుడి తండ్రి రేవు కార్మికుడు, వామపక్ష సంఘంలో తిరిగిన మనిషి. ఇంట్లో గోడకు సంఘం క్యాలెండర్ ఉండేది. తోటివాళ్లను తుంగ్‌జీ అనే పిలిచేవారు. ఒక రాత్రి అందరూ అన్నం తింటుండగా టీవీ వార్తల్లో ‘తుంగ్‌జీ చిత్రోత్సవం’ అన్న మాట వినిపించింది. ఆయన తల ఎత్తి ‘ఏ సంఘం వాళ్లు?’ అని అడిగారు. కొడుకు గిన్నెలోంచి తల ఎత్తలేదు. మర్నాడు రక్తం గొట్టాలకు చీటీలు అంటిస్తూ నాకు ఈ సంగతి చెప్పి, ‘ఆయన అడిగిన దానికి సరైన జవాబు నా దగ్గర ఉంది, కానీ నోరు రాలేదు’ అన్నాడు.

హాంకాంగ్ నుంచి ఆ మాట తైవాన్‌కు, అక్కడినుంచి చైనా నగరాలకు పాకింది. అన్ని చోట్లా అదే మాట ఉందని కాదు. చెంగ్‌డూ నగరంలో ‘ఫియావ్‌ఫియావ్’ అనేవారు, తేలిపోతూ తిరిగేవాళ్లని. ఇప్పటి కుర్రాళ్లు నేరుగా ‘గే’ అనే అంటున్నారు. 2012లో చైనా ప్రామాణిక నిఘంటువు కొత్త ముద్రణ వచ్చినప్పుడు వేల కొత్త మాటలు చేర్చారు, తోంగ్‌జికి మాత్రం ఈ అర్థం చేర్చలేదు. వాడుక తమకు తెలుసుననీ, దాన్ని ప్రోత్సహించదలచుకోలేదనీ సంకలనకర్తల్లో ఒకరు చెప్పారు. జనం నోట ఉన్న మాటను నిఘంటువు కావాలని వదిలేయడం నాకు తప్పుగా తోస్తుంది.

మన సంగతీ చెప్పుకోవాలి, మాస్టారూ. మన పత్రికలు ఇప్పటికీ ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తున్నాయి. ఒక మనిషి ప్రేమ, విరహం, ఇంటి బెంగ, ముసలితనంలో తోడు, అన్నీ కలిపి ఆ ‘సంపర్కం’లో ముంచేస్తున్నాము. మీరూ నేనూ మన మన దాంపత్యాలను అలా పిలిస్తే ఊరుకుంటామా? నేను ‘స్వలింగ ప్రేమికులు’ అని రాస్తాను. ఇంతకన్నా మంచి మాట తెలుగు పంతులుగారైన మీకు తడితే నాకు రాయండి. నిజంగా కావాలి.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో చదువుతూ ఇద్దరు చైనా అబ్బాయిలతో కలిసి ఇల్లు తీసుకున్నాడు. వాళ్లిద్దరూ దంపతుల్లా ఉంటారట. చైనా వాళ్లు కూడా మనలాగే పెద్దల మాట జవదాటని వాళ్లు కదా. ఆ దేశాలకు వెళ్లాకే ఇలా అవుతున్నారా? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: లేదమ్మా. ఈ కోరిక విమానం దిగాక అంటుకునేది కాదు. చైనాలో దీనికి రెండు వేల ఏళ్లకు పైబడిన జాతీయాలే ఉన్నాయి. హాన్ వంశపు ఆయ్ చక్రవర్తి క్రీస్తుపూర్వం 7 నుంచి 1 వరకూ ఏలినవాడు. ఒక మధ్యాహ్నం ఆయన చొక్కా చేతి మీద తల పెట్టుకుని ప్రియుడు దోంగ్ షియెన్ నిద్రపోయాడు. లేపడం ఇష్టం లేక చక్రవర్తి చొక్కా చేతిని కోయించుకుని లేచాడట. అప్పటినుంచి ‘తెగిన చొక్కా చెయ్యి’ అంటే పురుషుల మధ్య ప్రేమ. ఫూజియెన్ ప్రాంతంలో కుందేలు దేవుడి కథ ఉంది, పద్దెనిమిదో శతాబ్దంలో యువాన్ మెయ్ అనే రచయిత దాన్ని రాసి పెట్టాడు. అందగాడైన ఒక అధికారిని చాటుగా చూస్తూ తిరిగినందుకు ఒక యువకుడికి మరణశిక్ష పడింది. యమలోకంలో ఆ నేరాన్ని తూచి, ఇది ప్రేమే కదా అని, పురుషులను ప్రేమించే పురుషుల బాగోగులు చూసే దేవుడిగా అతన్ని నియమించారు. తైవాన్‌లోని న్యూ తైపేలో 2006లో ఆ దేవుడికి కొత్తగా గుడి కూడా కట్టారు. మంచి సంబంధం కుదర్చమని కుర్రాళ్లు వెళ్లి మొక్కుకుంటారు.

అయితే పాత కాలమంతా స్వర్గమని నేను చెప్పను. చక్రవర్తికి అంతఃపురమూ ఉంది, ఎవరి చొక్కా చేతినైనా కోయించగల అధికారమూ ఉంది. చింగ్ వంశం 1740 నాటికి, ఇద్దరూ ఇష్టపడి కలిసినా సరే, వంద దెబ్బలూ నెల రోజులు మెడకు కొయ్యపలకా శిక్షగా రాసింది. కోరిక ఎప్పుడూ ఉంది. అది ఎవరికి చెల్లింది, ఎవరికి చెల్లలేదు అన్నదే మారుతూ వచ్చింది.

లండన్ చేసేది వేరే. అది తలుపుకు గడియ ఇస్తుంది. మా మిత్రుడు 1995లో, హాంకాంగ్‌ను చైనాకు అప్పగించడానికి రెండేళ్ల ముందు, లండన్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగానికి వెళ్లాడు. అప్పటికి అతనికి ముప్పై ఒకటి. ఆ వయసు వరకూ అతను పడుకున్నది తో క్వా వాన్‌లోని మూడు వందల చదరపు అడుగుల ఫ్లాట్‌లో, హాలులో వేసిన రెండంతస్తుల మంచం పై అంతస్తులో. కింద తమ్ముడు, పక్కన మడత మంచం మీద నాయనమ్మ. స్నానాల గది తలుపుకు తప్ప ఇంట్లో దేనికీ గడియ లేదు. లండన్ నుంచి వచ్చిన మొదటి ఉత్తరంలో వాతావరణం లేదు, జీతం లేదు. ‘నా గది తలుపుకు లోపలి గడియ ఉంది. మొదటి వారం రోజూ రాత్రి దాన్ని వేసి, తీసి, మళ్లీ వేశాను’ అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

రెండో ఏడు రాసిన ఉత్తరం అలా లేదు. లండన్ చైనా టౌన్‌లోని జెరార్డ్ స్ట్రీట్ నుంచి గే బార్లు ఉన్న ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌కు కాలినడకన అయిదు నిమిషాలు కూడా పట్టదు, మధ్యలో ఒక పెద్ద వీధి దాటాలి, అంతే. ఆ వీధి దాటగానే తాను మనిషి నుంచి వస్తువుగా మారిపోతున్నానని రాశాడు. కొందరు తెల్లవాళ్లు అసలు చూడరు. చూసేవారిలో కొందరికి కావలసింది మెత్తగా, చిన్నగా, అడగక ముందే ఒప్పుకునే తూర్పుదేశపు కుర్రాడు. చైనా గే పురుషులు పడక మీద చొరవ తీసుకునేవాడికి ఒకటి, స్వీకరించేవాడికి సున్నా అని అంకెలు పెట్టుకుంటారు. ‘ఇక్కడ నా మొహం చూడగానే నాకు సున్నా వేసేస్తున్నారు, నన్ను ఎవరూ అడగరు’ అని రాశాడు. ‘హాంకాంగ్‌లో నేను మా అమ్మ కొడుకుని. ఇక్కడ ముప్పై రెండేళ్లు నిండినా చైనా కుర్రాణ్ణి.’ తర్వాతి కాలంలో ఫోనుల్లో పరిచయాల యాప్‌లు వచ్చాక కొందరు తమ పేజీ మీదే ‘అన్నం వద్దు, మసాలా వద్దు’ అని రాయడం మొదలుపెట్టారు. అన్నమంటే చైనా వైపు వాళ్లు, మసాలా అంటే మనం. ఆ పాట్లు మన పిల్లలవి కూడా.

ఇటువంటి చోట్ల చాలాకాలం ఆసియా గే పురుషులు ఒకరినొకరు ప్రేమికులుగా చూసుకోవడమే మరిచిపోయారు, ఒకే తెల్లవాడి కోసం పోటీదారులుగా చూసుకున్నారు. దాన్ని విప్పి చెప్పుకోవడానికే టొరంటోలో 1980లో ‘గే ఏషియన్స్ టొరంటో’ అనే సంఘం మొదలైంది. మా మిత్రుడు నలభై దాటాక ప్రేమించింది మలేషియాలోని ఈపోలో పుట్టిన చైనీయుణ్ణి. ఇద్దరి వంట తీరూ ఒకటే, ఇద్దరి కాంటనీస్ యాసా దాదాపు ఒకటే. 2006లో పెళ్లిలాంటి చట్టబద్ధ బంధమైన సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదు చేసుకున్నారు. ఆ ఈపో అబ్బాయి ఈ సంగతి పుట్టిన ఊళ్లో చెప్పుకోలేడు. అక్కడి చట్టంలో ఇరవై ఏళ్ల వరకూ జైలు, కొరడా దెబ్బలూ ఇంకా ఉన్నాయి.

మీ అబ్బాయి ఇంట్లోని ఆ ఇద్దరికీ తల్లులు ఉండే ఉంటారు. పండక్కి అరిసెలు పంపినప్పుడు వాళ్లకూ రెండు చేర్చి పంపండి.

ప్రశ్న: సింగపూర్‌లో పనిచేస్తున్నాను. మా జట్టులోని చైనా సంతతి సహోద్యోగి, అతని స్నేహితుడు ఎనిమిదేళ్లుగా జంట. కలిసి ఎప్పుడు ఉంటారని అడిగితే ‘ఇంకా రెండేళ్లు, ముప్పై అయిదు రావాలి’ అంటాడు. చట్టం మారింది కదా, ఇంకా దేనికి ఆగడం? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సొంత ఊరు కరీంనగర్)

జవాబు: ఇంటి కోసం. సింగపూర్‌లో నలుగురిలో ముగ్గురికి పైగా ప్రభుత్వ గృహసంస్థ కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. పెళ్లి కుదిరిన ఇరవై మూడేళ్ల జంట దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్లి కాని పౌరుడు ముప్పై అయిదు నిండేదాకా ఆగాలి. చట్టంలో మీ సహోద్యోగులిద్దరూ ఒంటరి మగవాళ్లే, కాబట్టి వాళ్ల కాపురానికి ముహూర్తం పెట్టేది ఆ వయసు నిబంధన. జీతం బాగా ఉన్నవాళ్లు ప్రైవేటు అద్దెకు పోతారు. నేను అక్కడ ఉన్న పన్నెండేళ్లలో, ముప్పై ఏళ్లు దాటినా అమ్మానాన్నల పక్క గదిలో ఉంటూ, ప్రియుడితో ఫోను మాట్లాడటానికి ఫ్లాట్ల కింద ఖాళీ వరండాలో తిరిగే కుర్రాళ్లను చూశాను.

మీరన్న చట్టం మార్పు నిజమే. పురుషుల మధ్య కలయికను నేరంగా చూసిన 377ఎ సెక్షన్‌ను రద్దు చేస్తూ పార్లమెంటు 2022 నవంబరు 29న ఓటు వేసింది. అదే రోజు, పెళ్లి అంటే ఏమిటో నిర్ణయించే అధికారం కోర్టుల చేతికి పోకుండా రాజ్యాంగాన్ని కూడా సవరించింది. ఆ అంకె మీకు తెలిసిందే. 1860లో బ్రిటిష్ వాళ్లు మనకు రాసిన శిక్షాస్మృతిలోని 377 అది. మన నుంచే నమూనా తీసుకుని సింగపూర్, మలేషియా ప్రాంతాల్లో పెట్టారు, తర్వాత 1938లో సింగపూర్‌లో పురుషుల కోసం ‘ఎ’ తగిలించారు. మన సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాల విషయంలో 377ను 2018 సెప్టెంబరు 6న కొట్టేసింది. కరీంనగర్ కుర్రాణ్ణీ సింగపూర్ చైనీయుణ్ణీ ఒకే మూలం నుంచి వచ్చిన చట్టం భయపెట్టిందని అతనితో ఎప్పుడైనా చెప్పండి.

ప్రశ్న: చైనాలో గే పురుషులు చాలామంది స్త్రీలనే పెళ్లి చేసుకుంటారని చదివాను. మీరు ఆ పురుషుల మీద జాలి చూపుతున్నారు. మరి ఆ భార్యల మాటేమిటి? (పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: ఈ ప్రశ్న రాకపోతే నేనే వేసుకుని రాద్దామనుకున్నాను. ఆ భార్యలకు చైనాలో ‘తోంగ్‌చి’ అని పేరు, కామ్రేడ్ భార్య అని. తమకు ఏమి లోపమో తెలియక అద్దం ముందు ఏళ్ల తరబడి ఏడ్చిన స్త్రీలు వాళ్లు. విషయం దాచి పెళ్లి చేసుకోవడం మోసం. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

మోసం అని చెప్పాక, ఆ మోసానికి ఎవరు తోశారో కూడా చూడాలి. ‘పితృద్రోహాలు మూడు, వంశం నిలపకపోవడం అందులో పెద్దది’ అన్నది ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ నాటి మాట. పుత్రుడు లేనివాడికి పున్నామ నరకం అని మనం చెప్పుకోవడం లేదూ? దీనికి తోడు 1980 ప్రాంతం నుంచి 2015 వరకూ చాలా కుటుంబాలకు ఒకే బిడ్డ అన్న విధానం నడిచింది. అమ్మ, నాన్న, తాతలు ఇద్దరు, అమ్మమ్మ, నాయనమ్మ, ఈ ఆరుగురి ఆశా ఒక్క కుర్రాడి నెత్తి మీద. చైనా కొత్త సంవత్సరానికి రైలెక్కి ఇంటికి వెళ్తే పళ్లెంలో మొదటి వడ్డన పెళ్లి ప్రశ్నే. షాంఘైలో నేను కలిసిన ఒక గుమాస్తా పండగ సెలవుల్లో కావాలని రాత్రి డ్యూటీలు వేయించుకునేవాడు.

కొందరు ఇంకో దారి వెతికారు. ఒక గే పురుషుడూ ఒక లెస్బియన్ స్త్రీ ముందే అన్నీ మాట్లాడుకుని పెద్దల కోసం పెళ్లి చేసుకుంటారు, దాన్ని ‘షింగ్‌హున్’, రూపమాత్రపు పెళ్లి అంటారు. ఇందులో మోసపోయేది పెద్దలే కానీ పడకగదిలో ఎవరూ బలైపోరు. నేను మొదట దీన్ని తెలివైన ఏర్పాటు అనుకున్నాను. తర్వాత ఆ ఇళ్లలో పిల్లలెప్పుడని మళ్లీ మొదలవడం విన్నాను. ఒక అబద్ధం అక్కడితో ఆగలేదు.

ప్రభుత్వం నేరుగా ఏమీ ఇవ్వలేదు. 1997లో కొత్త శిక్షాస్మృతి వచ్చినప్పుడు ‘పోకిరీతనం’ అనే నేరం పోయింది, అంతకుముందు పోలీసులు గే పురుషులను పట్టుకోవడానికి వాడింది దాన్నే. 2001లో స్వలింగ ప్రేమను మానసిక రోగాల జాబితా నుంచి తీశారు. పెళ్లి లేదు. చాంగ్‌షా నగరంలో సున్ వెన్‌లిన్ అనే యువకుడు పెళ్లి నమోదు చేయాలని దావా వేస్తే 2016 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది. అయితే 2017 అక్టోబరు నుంచి, పెద్దవాళ్లెవరైనా తమకు నచ్చిన మనిషిని సంరక్షకుడిగా ముందే రాసిపెట్టుకునే వీలు వచ్చింది. ముసలివాళ్ల కోసం అన్నట్టు వచ్చిన ఈ ఏర్పాటును గే జంటలు నోటరీ దగ్గర వాడుకుంటున్నారు. ఆపరేషన్ కాగితం మీద సంతకం ఎవరిదన్న ప్రశ్నకు అదొక్కటే ఇప్పటికి జవాబు.

ఇంకొక మాట. బీజింగ్, షాంఘై గే బార్లలో ‘సుజి’ అనే మాట తరచూ వినిపించేది. అర్థం సంస్కారం, స్థాయి. పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో పనిచేసే, యాస మారని కుర్రాణ్ణి ‘సుజి లేదు’ అని పక్కన పెట్టేవాళ్లు. తమను బయటికి నెట్టిన సమాజం కొలబద్దనే పట్టుకుని తమలో తాము మనుషులను కొలవడం చూసి నాకు చాలా దిగులు వేసింది. కోరిక మనుషులను సమానం చేస్తుందని నేనూ ఒకప్పుడు నమ్మాను. అది ఇంగ్లీషు వచ్చా రాదా అన్నదాన్ని, జీతాన్ని, నివాస పత్రాన్ని చూసుకునే నడుస్తుంది.

ప్రశ్న: తైవాన్ వాళ్లూ చైనీయులే కదా. అక్కడ ఇద్దరు పురుషులు పెళ్లి చేసుకోవచ్చట. జనం అంత సులువుగా ఎలా ఒప్పుకున్నారు? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: సులువుగా కాదు, ఒక్కసారిగానూ కాదు. (తైవాన్‌లో చాలామంది తమను చైనీయులని చెప్పుకోరు. భాష, వంశం, పండగలు ఒకటైనా, దేశం వేరని వాళ్ల మాట.) తైపేలో న్యూ పార్క్ అని ఒకటి ఉంది, 1996లో పేరు మార్చారు. సైనిక పాలన రోజుల్లో చీకటి పడ్డాక చెరువు గట్టున గే పురుషులు కలుసుకునేది అక్కడే. వాళ్లకు గది లేదు, ఆ పార్కే గది. చీ చియా-వెయ్ అనే ఆయన 1986లోనే ముందుకు వచ్చి తన పెళ్లిని గుర్తించమన్నాడు. ఆయన అడగడం మొదలుపెట్టిన ముప్పై ఒక్క ఏళ్లకు, 2017 మే 24న రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడు ప్రజాభిప్రాయం అడిగితే, ఓటు వేసినవారిలో 70 శాతానికి పైగా పౌరస్మృతిలో పెళ్లి స్త్రీ పురుషులకే అన్నారు. అందుకే పౌరస్మృతిని కదిలించకుండా వేరే చట్టం చేశారు, 2019 మే 24 నుంచి అమలైంది. 2000లో ఒక పల్లె బడిలో ఆడపిల్లలా ఉన్నాడని తోటివాళ్లు వేధించిన పదిహేనేళ్ల బాలుడు మరుగుదొడ్డిలో పడి చనిపోయాడు. పొలం పని చేసుకునే అతని తల్లి ఏళ్ల తరబడి పోరాడింది, తర్వాత స్వలింగ ప్రేమికుల ‘ప్రైడ్’ ఊరేగింపులో వేదికెక్కి మిగతా పిల్లలకు ధైర్యం చెప్పింది. తైవాన్ మనసు మారడంలో నేను ఆమెకు పెద్ద వాటా ఇస్తాను.

హాంకాంగ్ మధ్యలో ఆగింది. 2023 సెప్టెంబరులో అత్యున్నత న్యాయస్థానం, పెళ్లి కాకపోయినా జంటలను గుర్తించే ఏర్పాటు చేయమని ప్రభుత్వానికి రెండేళ్లు గడువు ఇచ్చింది. 2025 సెప్టెంబరులో ఆ బిల్లును శాసనమండలి ఓడించింది. జనం మాత్రం అంతకు చాలా ముందే మెత్తబడ్డారు. 2003 ఏప్రిల్ 1న గాయకుడు, నటుడు లెస్లీ చెంగ్ ఒక హోటల్ పైనుంచి దూకి చనిపోయాడు. సార్స్ అంటువ్యాధి రోజులు అవి, మా ల్యాబులో రాత్రీ పగలూ పని. మూతికి గుడ్డలు కట్టుకుని జనం పూలు తెచ్చి ఆ హోటల్ ముందు పెట్టారు. ఏళ్ల తరబడి ఆయనతో జీవించిన డాఫీ టాంగ్‌తో కలిసి ఊరు ఊరంతా ఏడ్చింది. మా ల్యాబు ఊడ్చే ముసలమ్మ ‘పాపం, ఆ ఉన్నవాడి గతి ఏమిటి’ అని అడిగింది. ఆమె అడిగింది డాఫీ గురించి.

చైనాలో తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. 2009లో మొదలైన షాంఘై ప్రైడ్ 2020లో ఆగింది, బీజింగ్‌లోని పెద్ద సహాయ కేంద్రం 2023 మే నెలలో మూతపడింది. ఒక మాజీ పోలీసు మొదలుపెట్టిన ‘బ్లూడ్’ అనే పరిచయాల యాప్ 2020లో అమెరికా స్టాక్ మార్కెట్ దాకా వెళ్లింది. 2025 నవంబరులో దాన్ని చైనాలోని యాప్ దుకాణాల నుంచి తీసేశారు.

ప్రశ్న: నాకు ఇరవై ఆరు. మీ మిత్రుడి గురించి చదువుతుంటే నా గురించే చదివినట్టుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, వచ్చే నెల పెళ్లిచూపులు. ఏమి చేయమంటారు? మీ మిత్రుడి ఇంట్లో చివరికి ఒప్పుకున్నారా? (పేరు వద్దు, విజయవాడ)

జవాబు: నాయనా, పెళ్లిచూపులకు వెళ్లవద్దు. కారణం ఇవాళే చెప్పనక్కరలేదు, ‘నేను పెళ్లి చేసుకోను’ అన్నది చాలు. గొడవ అవుతుంది. కానీ ఆ గొడవ మీ ఇంట్లో వాళ్లతో ఆగుతుంది. పీటల మీద కూర్చున్నాక అయితే తప్పేమీ చేయని ఒక అమ్మాయి బతుకు మీదికి పోతుంది.

ఎవరైనా డాక్టరు దగ్గర ‘మార్పిస్తాం’ అంటే, ఇది రోగం కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లో చెప్పిందనీ, మార్చే చికిత్స చేయడం వృత్తి తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చిందనీ గుర్తుంచుకోండి. ఆ కాగితాలు పంపుతాను, పత్రిక చిరునామాకు మళ్లీ రాయండి. అన్నిటికన్నా ముందు, మీ జీతంతో అద్దె కట్టగల ఒక గది చూసుకోండి. ఇంటితో తెగతెంపులు చేసుకోమని కాదు. రాత్రి పడుకునే చోటు వాళ్ల చేతిలో ఉన్నంతకాలం మీరు నిజం చెప్పలేరు, వాళ్లూ వినలేరు. ఇంట్లో మొదట చెప్పడానికి అమ్మానాన్నలే కానక్కరలేదు. మా మిత్రుడు మొదట చెప్పింది కింది మంచం మీద పడుకునే తమ్ముడికి.

ఒప్పుకున్నారా అని అడిగారు. తండ్రికి చెప్పనేలేదు, 1999లో ఆయన పోయారు. తల్లికి 2007లో కొత్త సంవత్సరానికి ఈపో అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి ‘నేస్తం’ అని చెప్పాడు. ఆమె గంటల తరబడి సన్నటి సెగ మీద కాచిన చారు రెండు గిన్నెల్లో పోసి, ఆ అబ్బాయినే ముందు ‘ఉప్పు సరిపోయిందా’ అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. అక్కడ కొత్త సంవత్సరానికి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇచ్చే ఆచారం ఉంది, ‘లై సీ’ అంటారు. పెళ్లయినవాళ్లు పెళ్లికాని వాళ్లకు ఇవ్వాలి. యాభై ఏళ్లొచ్చినా పెళ్లి కాకపోతే చిన్నపిల్లల వరుసలో నిలబడి పుచ్చుకోవలసిందే. మా మిత్రుడు నలభై మూడో ఏట కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. ఆ మరుసటి ఏడు ఇద్దరూ మళ్లీ వెళ్లారు. తల్లి అతనికి కవరు ఇవ్వలేదు. సొరుగులోంచి ఖాళీ ఎర్ర కవర్ల కట్ట ఒకటి తీసి చేతిలో పెట్టి, ‘తమ్ముడి పిల్లలకు ఈ ఏడాది నుంచి మీరివ్వండి. ఒక్కొక్కరికి రెండేసి, ఇద్దరి తరఫునా’ అంది.